కాశీలో కాకరకాయ వదిలినవాళ్లు, కళాఖండాలు వదిలినవాళ్లు

కాశీలో తొమ్మిది నిద్రలు చేయాలని మా అత్తగారి మొక్కు. విశ్వనాథుడు, అన్నపూర్ణ, విశాలాక్షి, కాలభైరవుడు, గంగా హారతి అన్నీ నాలుగు రోజుల్లో హాయిగా అయిపోయాయి. మిగతా రోజులు ఏం చేయాలన్నదే సమస్య.

బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో భారత్ కళాభవన్ అనే మ్యూజియం చూద్దామన్నాను. ఆదివారం గోదౌలియా దగ్గర ఆటో మాట్లాడితే మూడువందలన్నాడు. "ఇవాళ తెరిచే ఉంటుందా?" అని రెండుసార్లు అడిగాను. "ఖులా హై, ఖులా హై" అన్నాడు. తీరా వెళ్తే తలుపులకు తాళం. ఆదివారం సెలవని అక్కడున్న కుర్రాడు చెప్పాడు. ఆటోవాడికి ఆ సంగతి తెలియదంటే నేను నమ్మను. డబ్బు జేబులో పెట్టుకుని, తిరిగి దింపడానికి ఇంకో మూడువందలు అడిగాడు! మా ఆవిడ నావైపు చూసిన చూపు గురించి రాయను. క్యాంపస్‌లోనే ఉన్న కొత్త విశ్వనాథ మందిరానికి నడిచి వెళ్లాం కాబట్టి అత్తగారు మాత్రం చల్లబడ్డారు.

పట్టుదలతో సోమవారం మళ్లీ వెళ్లాం. షేర్ ఈ-రిక్షాలో లంక గేటు, అంటే యూనివర్సిటీ ప్రధాన ద్వారం దాకా మనిషికి ముప్ఫై, లోపలికి ఇంకో ఇరవై. ముగ్గురికీ నూటయాభైతో అయిపోయింది.

లోపల గోవర్ధనగిరిధారి కృష్ణుడి దగ్గర అత్తగారు ఆగిపోయారు. గుప్తుల కాలం నాటి నిలువెత్తు రాతి విగ్రహం. కొండ మోస్తున్న శ్రమ ముఖంలో ఎక్కడా లేదు. ఈ ఊళ్లోనే బకరియా కుండ్ దగ్గర దొరికిందని చెబితే చెప్పులు విప్పబోయారు. "మ్యూజియం అత్తయ్యా, గుడి కాదు" అంటే, "కృష్ణుడు కృష్ణుడే కదా బాబూ" అన్నారు. నెమలి మీద కూర్చున్న కార్తికేయుడిదీ ఆ కాలమే. విప్పిన పింఛం వెనక ప్రభామండలంలా నిలబడుతుంది. నాకైతే కృష్ణుడి కంటే ఇదే నచ్చింది.

ఇదంతా ఒక మనిషి సేకరణతో మొదలైంది. రాయ్ కృష్ణదాస్ అనే కాశీ వాసి 1920లో సంస్థ పెట్టి, విగ్రహాలు, సూక్ష్మచిత్రాలు పోగుచేసి, ఉన్నదంతా దానికే ఇచ్చేశారు. రవీంద్రనాథ్ ఠాగూర్ దానికి అధ్యక్షుడు. 1950లో అది విశ్వవిద్యాలయం చేతికి వచ్చింది, ఆ ఏడాదే నెహ్రూ ఇప్పటి భవనానికి శంకుస్థాపన చేశారు. ఇదంతా చెబితే అత్తగారు కాసేపు మాట్లాడలేదు. "కాశీకొస్తే ఇష్టమైనది వదిలేయాలంటారు. ఈయన నిజంగా ఇష్టమైనదే వదిలాడు. నేను కాకరకాయ వదిలాను" అన్నారు. ఆవిడ కాకరకాయ ముట్టుకోగా నేనెప్పుడూ చూడలేదు.

ఆలిస్ బోనర్ గ్యాలరీ కూడా ఉంది. ఈ స్విస్ శిల్పి 1936 నుంచి నలభై ఏళ్లకు పైగా అస్సీ ఘాట్‌లో కాపురం ఉన్నారు. మనం తొమ్మిది నిద్రలకే అలసిపోతున్నాం! రష్యన్ చిత్రకారుడు రోరిక్ గీసిన హిమాలయాల ముందు ఇంకాసేపు నిలబడేవాణ్ణే గానీ, అప్పటికే అత్తగారికి మోకాళ్లు నొప్పులు.

మొఘల్, రాజస్థానీ, పహాడీ సూక్ష్మచిత్రాలకు కళ్లజోడు తప్పకుండా తీసుకెళ్లండి. కనీసం రెండు గంటలు పెట్టుకోండి. ఎండాకాలంలో పొద్దున పూటే తెరుస్తారు, యూనివర్సిటీ సెలవు అయితే ఇక్కడా సెలవే. కాబట్టి ఆటోవాణ్ణి అడక్కండి, బస దగ్గర ఎవరైనా విద్యార్థిని అడగండి.

ఇంకో హెచ్చరిక. బనారసీ చీర కొనేముందే ఇక్కడికి రండి. మా ఆవిడ ముందురోజు ఎనిమిదివేల ఐదొందలకు బేరమాడి ఒకటి కొని తెగ మురిసిపోయింది. ఇక్కడి పాత జరీ నేతలు చూసిన దగ్గర్నుంచి, ఊరికి తిరిగొచ్చే దాకా ఆ చీర సంచిలోంచి బయటికి తీయలేదు.