సీటీసీలో విండోస్ 11 అప్‌గ్రేడ్: ఫార్మాట్ కొట్టకుండా పని చేసిపెట్టిన షాపు

ఏళ్ల తరబడి పేరుకున్న ఫైళ్లున్న సిస్టమ్‌ని విండోస్ 11కి ఎలా మార్చాలా అని టెన్షన్ పడుతున్నవాళ్ల కోసం ఈ రివ్యూ. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్, అదే మన సీటీసీ, అందులో పై అంతస్తులో ఉన్న చిన్న సర్వీసు షాపు ఇది. ఇద్దరు మనుషులు, ఒక టేబుల్, గోడ పొడుగునా విప్పి పెట్టిన సీపీయూలు, అంతే.

సిస్టమ్ మా బాబాయిది. నల్లకుంటలో ఇంట్లోనే డీటీపీ చేస్తాడు. పెళ్లి పత్రికలు, కరపత్రాలు, గుడి ఉత్సవాల ఆహ్వానాలు, అన్నీ పేజ్‌మేకర్ అనే పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్‌లో, 'అను' అనే తెలుగు ఫాంట్లతోనే. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ ఆపేసింది కదా, ఆ తేదీ దాటాక కూడా కంప్యూటర్ నడుస్తుంది గానీ మామూలుగా అయితే సెక్యూరిటీ ప్యాచ్‌లు, అంటే భద్రతా లోపాలు సరిచేసే అప్‌డేట్లు రావు, బాబాయిదేమో వచ్చినవాళ్ల పెన్‌డ్రైవ్‌లన్నీ పెట్టుకునే పని. అలాగే వదిలేయడానికి నాకు మనసొప్పలేదు.

ముందు అడిగిన చోట్ల ఒకటే మాట: "ఫార్మాట్ కొట్టి ఫ్రెష్‌గా ఎక్కిద్దాం సార్, గంటలో అయిపోతది." గంటలో అవుతుంది, నిజమే. ఆ తర్వాత ఫాంట్లు, కీబోర్డు లేఅవుట్, పేజ్‌మేకర్, ప్రింటర్ డ్రైవర్ అన్నీ మళ్లీ మొదటి నుంచి ఎక్కించుకోవాలి, ఆ సీడీలు ఇప్పుడు ఎక్కడున్నాయో బాబాయికే తెలియదు. పైగా లైసెన్సు ఉన్న సిస్టమ్‌లో క్రాక్ కాపీ ఎక్కిస్తామనడం ఇంకా ఘోరం.

ఈ షాపులో అబ్బాయి మాత్రం అప్‌డేట్ మాటే ఎత్తకుండా ముందు ఈ సిస్టమ్‌లో ఏం పని చేస్తారు, ఏ ఫైల్ పోతే మీకు పని ఆగిపోతుంది అని అడిగాడు. తర్వాత హార్డ్ డిస్క్ ఆరోగ్యం చూశాడు. డిస్క్ పాడయ్యే స్థితిలో ఉంటే అప్‌గ్రేడ్ మధ్యలోనే చేతులెత్తేస్తుందని, అప్పుడు ముందు డిస్క్ మార్చాలని చెప్పాడు. మాది బాగానే ఉంది. ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ మీ సొంతదే తెచ్చుకోండి, మీ డేటా మా దగ్గర ఉంచుకోం అన్నాడు, ఆ ఒక్క మాటకే నాకు నమ్మకం కుదిరింది. దాంట్లోకి మొత్తం డ్రైవ్ ఇమేజ్ తీశాడు, అంటే ఫైళ్లే కాదు, ఏదైనా తేడా వస్తే సిస్టమ్‌ని ఉన్నది ఉన్నట్టు వెనక్కి తెచ్చుకునేలా. ఫైళ్లు విడిగా ఇంకో కాపీ. తీసి ఊరుకోలేదు, ఆ కాపీలోంచి పాత పెళ్లి పత్రిక ఫైల్ ఒకటి ఇంకో సిస్టమ్‌లోకి తెచ్చి తెరిచి చూపించాడు. "తెరిచి చూడకపోతే అది బ్యాకప్ కాదన్నా" అన్నాడు.

ఇదంతా అతి జాగ్రత్త అనిపిస్తే, 2018 అక్టోబర్‌లో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ గుర్తుచేసుకోండి. కొందరి డాక్యుమెంట్స్ ఫోల్డర్లలోని ఫైళ్లు ఎగిరిపోతే మైక్రోసాఫ్టే దాన్ని ఆపేసి, సరిచేసి నవంబర్‌లో మళ్లీ వదిలింది.

అసలు చిక్కు ఇంకోటి. మైక్రోసాఫ్ట్ ఇచ్చే పీసీ హెల్త్ చెక్ అనే టూల్‌లో మా సిస్టమ్ విండోస్ 11కి పనికిరాదని వచ్చేది, బాబాయి కొత్తది కొనాలేమో అనుకుంటున్నాడు. ఇతను చూస్తే ప్రాసెసర్ ఇంటెల్ 8వ తరం, అంటే అర్హత ఉన్నదే. బయోస్‌లో, అంటే విండోస్ కంటే ముందు లేచే బోర్డు సెట్టింగుల్లో, పీటీటీ అనే ఆప్షన్ ఆఫ్‌లో ఉంది, అది ఆన్ చేస్తే విండోస్ 11 అడిగే టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ ఏర్పాటు కనబడింది. డిస్క్‌ని భాగాలు చేసే తీరు పాత ఎంబీఆర్ పద్ధతిలో ఉంటే విండోస్‌లోనే ఉండే టూల్‌తో కొత్త పద్ధతి జీపీటీకి మార్చి, సిస్టమ్ బూట్ అయ్యే తీరుని విండోస్ 11కి కావాల్సిన యూఈఎఫ్ఐకి తిప్పాడు. డేటా అలాగే ఉంది. బోర్డు మీద గుండ్రటి సీఎంఓఎస్ బ్యాటరీ నీరసించిందని తీసి కొత్తది వేశాడు, ఎందుకంటే అది చచ్చిపోతే బయోస్ సెట్టింగులు మొదటికి పోయి సిస్టమ్ బూట్ కాకపోవచ్చట. కొత్త సిస్టమ్ అమ్మే అవకాశం చేతిలో ఉండి కూడా చిన్న బ్యాటరీతో సరిపెట్టాడు.

మీ ల్యాప్‌టాప్‌లో డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ గానీ డివైస్ ఎన్‌క్రిప్షన్ గానీ ఆన్‌లో ఉంటే, ఇలా బయోస్ ముట్టుకునే ముందు దాన్ని తాత్కాలికంగా ఆపాలి, 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసి పెట్టుకోవాలి. ఆ కీ లేకపోతే లోపలున్న డేటా మనది మనకే తెరుచుకోదు. నా ల్యాప్‌టాప్ కీ అక్కడే నిలబడి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోంచి తీసి రాసుకున్నా.

అప్‌గ్రేడ్ మాత్రం యూపీఎస్ మీద, ప్రింటర్, పెన్‌డ్రైవ్ అన్నీ పీకేసి చేశాడు. అయ్యాక బాబాయిని కూర్చోబెట్టి యాపిల్ అనే తెలుగు కీబోర్డు లేఅవుట్‌లో రెండు లైన్లు టైప్ చేయించి, ఒత్తులు, గుడులు సరిగ్గా పడుతున్నాయో లేదో జూమ్ చేసి చూపించాడు. పాత విండోస్ పది రోజుల వరకు లోపలే ఉంటుంది, నచ్చకపోతే సెట్టింగ్స్‌లో రికవరీకి వెళ్లి వెనక్కి పోవచ్చు, అందాకా డిస్క్ క్లీనప్ జోలికి పోవద్దు అంకుల్ అని బాబాయికి రెండుసార్లు చెప్పాడు.

సర్వీసు చార్జీ 1,200 రూపాయలు, బ్యాటరీ డబ్బులు వేరే. ఫార్మాట్ రేటు కంటే ఎక్కువే, కానీ నేను బేరం ఆడలేదు.

లోపాలూ ఉన్నాయి. సాయంత్రం ఇస్తానని మర్నాడు ఇచ్చాడు, మధ్యలో ఫోన్ ఎత్తలేదు, ఇంట్లో బాబాయికి పని ఆగిపోయి నేను తిన్న చివాట్లు వేరే. బయోస్‌లో ఏమేం మార్చాడో కాగితం మీద రాసివ్వలేదు, అడిగి నేనే ఫొటోలు తీసుకున్నా. బిల్లు కూడా అడిగితేనే వచ్చింది. ఐదుకి నాలుగు ఇస్తున్నా.

మా అత్తయ్య వాళ్లది ఇంకా పాత, 6వ తరం సిస్టమ్. దాని మీద దొడ్డిదారిన 11 ఎక్కించమంటే ఒప్పుకోలేదు, అలా ఎక్కిస్తే ముందు ముందు అప్‌డేట్లు వస్తాయన్న గ్యారంటీ మైక్రోసాఫ్ట్ ఇవ్వదన్నాడు. బదులుగా విండోస్ 10లోనే పొడిగింపు ప్యాచ్‌లకి నమోదు చేయించాడు, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌కి సెట్టింగులు సింక్ చేస్తే ఉచితమే, 2026 అక్టోబర్ 13 దాకా వస్తాయి. దానికి డబ్బులు తీసుకోలేదు.

బండి పెట్టుకోవడానికి అక్కడ చోటు దొరకడం కష్టం, సీపీయూ మోసుకెళ్లేవాళ్లు ఆటోలో వెళ్లండి. ఎక్స్‌టర్నల్ డిస్క్, మైక్రోసాఫ్ట్ అకౌంట్ పాస్‌వర్డ్ గుర్తున్న మనిషి, ఈ రెండూ వెంట ఉండాలి. పాస్‌వర్డ్ మాత్రం వాళ్లకి చెప్పొద్దు, మనమే టైప్ చేయాలి, వాళ్లు కూడా అదే అంటారు.