సిల్వరాడో వెనక యాక్సిల్ సీళ్లు ఇంట్లో మార్చాక: కుడి పక్క ఒక కథ, ఎడమ పక్క ఇంకో కథ

అసలు సంగతి ముందే చెప్పేస్తాను. వెనక యాక్సిల్ దగ్గర గేర్ ఆయిల్ కారుతుంటే సీలు (ఆయిల్ బయటికి రాకుండా ఆపే రింగు) ఒక్కటే మార్చి ఊరుకోవద్దు. సీలును పాడుచేసింది చాలాసార్లు దాని పక్కనే ఉంటుంది. చక్రాన్ని తిప్పే షాఫ్టు మీద పడ్డ గాడి కావచ్చు, మూసుకుపోయిన బ్రీదర్ (లోపలి గాలి బయటికి పోయే చిన్న గొట్టం) కావచ్చు. మా 2003 షెవర్లే సిల్వరాడో 1500 పికప్ ట్రక్కుకి రెండు పక్కలా ఈ పని ఇంటి దగ్గరే చేశాను. కుడి పక్క మామూలు సీలు, మామూలు బేరింగు వేశాను. ఎడమ పక్క ‘రిపేర్ బేరింగ్’ పేరుతో దొరికేది వేశాను. తర్వాత బండి డాలస్ ఎండల్లో, వెనక ట్రైలర్ తగిలించుకుని బాగానే తిరిగింది. ఏది నిలిచింది, ఏది నిలవలేదు అన్నది ఇప్పుడు చెప్పగలను.

ఇంత పాత బండికి సీళ్లు కారడం వింతేమీ కాదు. అయితే కారేది ఏ ఆయిలో ముందు తేల్చుకోవాలి. చక్రం లోపలి అంచున తడి కనిపిస్తే వేలితో రాసి వాసన చూడండి. చిక్కగా ఉండి కుళ్లిన కోడిగుడ్డు లాంటి గంధకం కంపు కొడితే అది గేర్ ఆయిల్. పల్చగా ఉండి ఆ కంపు లేకపోతే బ్రేక్ ఆయిల్‌ని అనుమానించాలి. అదయితే ఈ పనే వేరు.

ఈ బండిలో ఉన్నది 8.6 అంగుళాల పది బోల్టుల హౌసింగ్ (యాక్సిల్ గేర్లుండే పెట్టె), సెమీ ఫ్లోటింగ్ రకం. అంటే షాఫ్టు చక్రాన్ని తిప్పడమే కాదు, బండి బరువూ తనే మోస్తుంది. బేరింగుకి లోపలి రింగు ఉండదు, రోలర్లు నేరుగా షాఫ్టు ఉక్కు మీదే దొర్లుతాయి. అందుకే ఏళ్లు గడిచేకొద్దీ షాఫ్టు కూడా అరుగుతుంది. టయోటా వాళ్ల టకోమా పికప్‌లో ఇలా కాదు. దాంట్లో బేరింగు షాఫ్టుకి బిగుతుగా ఎక్కించి ఉంటుంది, దాన్ని మార్చాలంటే ప్రెస్ కావాలి. మీ బండి అదైతే నేను చెప్పేదాంట్లో సగమే పనికొస్తుంది.

పని విషయానికొస్తే, కష్టం కంటే మురికి ఎక్కువ. ఆయిల్ దింపే ముందే నింపే బిరడా ఊడుతుందో లేదో చూసుకోవాలి. ఉన్న ఆయిల్ అంతా పారబోశాక ఆ బిరడా మొరాయిస్తే బండి అక్కడే కూర్చుంటుంది. వెనక రోటర్ల (బ్రేకు డిస్కుల) లోపలే హ్యాండ్ బ్రేకు షూలు ఉంటాయి కాబట్టి హ్యాండ్ బ్రేకు వదిలేస్తేగానీ రోటర్ రాదు. అందుకని ముందు చక్రాలకి రెండు వైపులా గట్టి అడ్డాలు, వెనక యాక్సిల్ గొట్టాల కింద స్టాండ్లు పెట్టాకే బండి కిందకి దూరాలి. జాకీని నమ్ముకుని ఎవరూ దూరొద్దు. బ్రేకు ప్యాడ్లను పట్టి ఉంచే కాలిపర్లు విప్పాక వాటి గొట్టాల మీద బరువు పడకుండా తీగతో పైకి కట్టేయాలి.

వెనక మూత తీస్తే ఆయిల్ మొత్తం ఒక్కసారిగా దిగుతుంది. లోపల డిఫరెన్షియల్ (రెండు చక్రాలూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల కూర్పు) మధ్యలోని అడ్డపిన్నును పట్టి ఉంచే ఒక సన్నటి బోల్టు కనిపిస్తుంది, దాని తల 8 ఎంఎం. ఈ పని మొత్తంలో నాకు గుబులు పుట్టించింది ఆ ఒక్క బోల్టే. అది తెగితే ముక్కను డ్రిల్లు వేసి బయటకి తీయాలి. ఆరు మూలల సాకెట్టే వాడండి, పన్నెండు మూలలది వద్దు. ఒకేసారి బలం పెట్టకుండా నిదానంగా తిప్పండి. అది వచ్చాక అడ్డపిన్ను లాగి, షాఫ్టును లోపలికి నెడితే చివరనున్న సీ-క్లిప్ (షాఫ్టు బయటికి రాకుండా పట్టి ఉంచే సీ ఆకారపు రింగు) వదులై అయస్కాంతానికి అంటుకుని వచ్చేస్తుంది. ఆ తర్వాత షాఫ్టు జారుతూ బయటకొస్తుంది. పిన్ను తీశాక మాత్రం ముందు నుంచి యాక్సిల్‌కి వచ్చే ప్రొపెల్లర్ షాఫ్టును ఎవరూ కదిలించకూడదు. కదిపితే లోపలి చిన్న గేర్లు చోటు తప్పి కింద పడతాయి. గ్లవ్ బాక్సులో ఉన్న స్టిక్కర్ మీద జీ80 అని ఉంటే మీ బండికి లాకర్ (ఒక చక్రం జారితే రెండింటినీ కలిపి తిప్పే డిఫరెన్షియల్) ఉందన్నమాట. అప్పుడు పిన్ను తీసే పద్ధతి మారుతుంది. మాది మామూలు డిఫరెన్షియలే.

పాత సీలునీ బేరింగునీ స్లైడ్ హామర్‌తో (కడ్డీ మీద జారే బరువుతో కొట్టి లాగే పనిముట్టు) లాగాలి. కొనక్కర్లేదు. ఆటోజోన్, ఓరైలీ లాంటి దుకాణాల్లో డిపాజిట్ కడితే ఇస్తారు, తిరిగి ఇచ్చినప్పుడు డిపాజిట్ మొత్తం వెనక్కొస్తుంది. వాడేసిన ఆయిల్ కూడా వాళ్లే తీసుకుంటారు.

అసలు నిర్ణయం తీసుకోవాల్సింది షాఫ్టు బయటకొచ్చాకే. సీలు కూర్చునే చోట, రోలర్లు తిరిగే చోట బ్రేక్ క్లీనర్‌తో శుభ్రంగా తుడిచి గోరు పెట్టి గీయండి. కుడి షాఫ్టు మీద గోరు ఎక్కడా ఆగలేదు, అద్దంలా ఉంది. ఎడమ దాని మీద ఆగింది, అంటే గాడి పడిందన్నమాట. ఫోన్‌లో వీడియో చూపిస్తే విజయవాడలో ఉన్న మా బావ, ‘ఇక్కడైతే ఆటోనగర్‌కి తీసుకెళ్లి వెల్డింగు పోయించి లేత్ మీద తిప్పించేవాళ్లం బావా, ఇంత తంతు దేనికి?’ అన్నాడు. అలా చేస్తే ఆ వేడికి షాఫ్టు పైపొర గట్టిదనం పోతుంది. రోలర్లు తిరిగేది ఆ పొర మీదే కదా. పైగా ఇక్కడ లేత్ కూలి కంటే కొత్త షాఫ్టే చవక.

అయినా మొదట కొత్త షాఫ్టు కొనలేదు. రిపేర్ బేరింగులో సీలూ బేరింగూ ఒకే ముక్కగా ఉంటాయి. రోలర్లు గాడిలో కాకుండా కాస్త బయటికి, అరగని చోట తిరిగేలా దాన్ని తయారుచేస్తారు. ఖర్చు షాఫ్టుతో పోలిస్తే చాలా తక్కువ. గాడి మరీ లోతుగా లేదు కాబట్టి ఇది సరిపోతుందని వేశాను.

బిగించేటప్పుడు గమనించాల్సినవి కొన్నే. సీలు వంకర పోకుండా దాని బయటి అంచు మీద సమానంగా కొట్టాలి. సరిపడా పెద్ద సాకెట్ ఉంటే చాలు. సీలు పెదవికి కాస్త గ్రీజు రాయాలి. షాఫ్టును లోపలికి పంపేటప్పుడు దాని బరువు సీలు మీద ఆనకుండా చేత్తో ఎత్తిపట్టాలి. చివరనున్న పళ్లు సీలుని గీరితే కొత్త సీలు మొదటి రోజే కారుతుంది. ఇంకొక మనిషి సాయం అవసరమయ్యేది అక్కడే. సన్న బోల్టుకి థ్రెడ్‌లాకర్ (మరలు వదులవకుండా పట్టే జిగురు) తప్పనిసరి. ఆయిల్ 75డబ్ల్యూ-90 సింథటిక్, బిరడా రంధ్రం దాకా వస్తే ఆపేయాలి. ఎక్కువ పోస్తే అదీ సీలు మీదకే వస్తుంది. ఆయిల్ తడిసిన ప్యాడ్లనూ హ్యాండ్ బ్రేకు షూలనూ కడిగి మళ్లీ వాడాలనుకోవద్దు, కొత్తవి వేయండి. రోటర్‌ని మాత్రం కడుక్కోవచ్చు.

ఇక ఫలితం. కుడి పక్క ఈరోజుకీ పొడిగా ఉంది. దాని గురించి ఇంతకు మించి చెప్పడానికి లేదు.

ఎడమ పక్క రెండు వేసవులు బాగానే గడిచింది. తర్వాత బరువైన ట్రైలర్ లాగిన ప్రయాణాలయ్యాక చక్రం లోపల సన్నగా చెమ్మ కనిపించడం మొదలైంది. చుక్కలుగా పడేది కాదు గానీ, దుమ్ము అంటుకుని నల్లగా పేరుకునేది. విప్పి చూస్తే రోలర్లు కొత్తగా తిరిగిన చోట కూడా గాడి మొదలైంది. అప్పుడు కొత్త షాఫ్టు తెచ్చి, కుడి పక్కలాగే మామూలు బేరింగు, సీలు వేశాను. చెమ్మ మళ్లీ కనిపించలేదు. కాబట్టి నా లెక్కలో రిపేర్ బేరింగ్ మోసమేమీ కాదు, ఇచ్చిన డబ్బుకి తగ్గట్టు పనిచేసింది. ఊళ్లో తిరగడానికే వాడే బండికో, ఏడాదిలో అమ్మేద్దామనుకునే బండికో నిరభ్యంతరంగా వేయొచ్చు. బరువులు లాగే బండికి, ఇంకా చాలాకాలం ఉంచుకునే బండికి మాత్రం నేను వేయను. గోరు ఆగిందంటే షాఫ్టు కొనడమే. రెండోసారి అదే మురికిలో పడుకోవడానికి అయ్యే శ్రమను కూడా లెక్కేయాలి కదా. మా హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) వాళ్లు డ్రైవ్‌వేలో బండి విప్పితే ఊరుకోరు, అందుకని గరాజ్ తలుపు సగం దించి ఆ ఉక్కలోనే పని చేయాలి.

బ్రీదర్ విషయం చాలామంది వదిలేస్తారు. హౌసింగ్ వేడెక్కితే లోపలి గాలి వ్యాకోచించి బయటికి పోవాలి. దానికున్న దారి ఆ చిన్న గొట్టమే. అది మట్టితో మూసుకుపోతే ఆ ఒత్తిడి సీళ్ల మీద పడి ఆయిల్‌ని తోసేస్తుంది. మా బండిలో గొట్టం తీసి ఊదితే గాలి అసలు పోలేదు. రెండు పక్కలా ఒకేసారి ఎందుకు కారిందో అప్పుడర్థమైంది. ఇప్పుడు ఇంజన్ ఆయిల్ మార్చినప్పుడల్లా దాన్ని కూడా ఊది చూస్తున్నాను. మీ బండి రెండు పక్కలా కారుతుంటే సీళ్లు కొనేముందు ఇది చూడండి, పైసా ఖర్చు లేదు.

ఈ మధ్య పినియన్ (ప్రొపెల్లర్ షాఫ్టు తిప్పే గేరు) సీలు దగ్గర కాస్త తడి కనబడుతోంది. దాన్ని మాత్రం నేను ముట్టుకోను. దాని నట్టు బిగింపు లోపలి క్రష్ స్లీవ్ (బిగించేకొద్దీ నలిగే లోహపు గొట్టం) మీద ఆధారపడి ఉంటుంది. కొంచెం ఎక్కువ బిగిస్తే పినియన్ బేరింగులే పోతాయి. ఆ పని షాపుకే ఇస్తున్నాను.