రోవర్ కట్టడానికి హైదరాబాద్ వస్తే ఎక్కడ దిగాలి, ఎక్కడ పని చేయించాలి

నాసా వాళ్లు ఏటా పెట్టే హ్యూమన్ ఎక్స్‌ప్లొరేషన్ రోవర్ చాలెంజ్‌కి, అంటే చంద్రుడి మీద తిరిగేలాంటి బండి (రోవర్) కట్టి నడిపే పోటీకి, మా కరీంనగర్ పిల్లల టీమ్ ఎంపికైంది. బండి మొత్తం కరీంనగర్‌లోనే అయ్యే పని కాదని తేలాక డిసెంబర్‌లో సామాను సర్దుకుని హైదరాబాద్‌లో మకాం పెట్టాం. పెద్దవాళ్లం ఇద్దరమే, నేనూ, టీమ్‌లో ఉన్న ఒకమ్మాయి వాళ్లమ్మగారూ. బాహా, ఎఫిసైకిల్ లాంటి ఇంజనీరింగ్ విద్యార్థుల పోటీలకు బండ్లు కట్టుకునే వాళ్లు కూడా జిల్లాల నుంచి ఇదే పని మీద వస్తుంటారు కాబట్టి ఎక్కడ ఏది బాగుంది, ఏది దండగ అన్నది రాస్తున్నా.

ముందు పోటీ సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే ఊరంతా ఎందుకు తిరిగామో అర్థం కాదు. 1994లో మూన్‌బగ్గీ రేసుగా మొదలై, 2014లో ఇప్పటి పేరు పెట్టుకుంది. ఏప్రిల్‌లో అమెరికాలోని అలబామా రాష్ట్రం హంట్స్‌విల్‌లో, అక్కడి స్పేస్ అండ్ రాకెట్ సెంటర్ ఆవరణలో జరుగుతుంది. మేం వెళ్లే విభాగంలో మోటారు ఉండదు. ఇద్దరు కూర్చుని పెడల్ తొక్కుకుంటూ గుంతలు, రాళ్లు, కంకర దాటుకుని దాదాపు అర మైలు వెళ్లాలి, టైమ్ 8 నిమిషాలు. మిగతా నిబంధనలు ఎన్ని ఉన్నా మా తలనొప్పంతా రెండింటితోనే: బండి మడిస్తే 5 అడుగుల పొడవు, వెడల్పు, ఎత్తున్న పెట్టెలో పట్టాలి, చక్రాలకు గాలి టైర్లు ఉండకూడదు, ఆ చక్రాలను టీమే తయారు చేసుకోవాలి. 1971లో అపోలో 15తో చంద్రుడి మీదకు వెళ్లిన రోవర్‌ను అలాగే మడిచి ల్యాండర్ పక్కన బిగించారు, దాని చక్రాలు కూడా జింక్ పూత పూసిన పియానో తీగతో అల్లినవే. ఆ ప్రాజెక్టును నడిపిన నాసా వాళ్ల మార్షల్ సెంటర్ ఉన్నదీ హంట్స్‌విల్‌లోనే.

సైకిల్ షాపుకి వెళ్లి రెడీమేడ్ చక్రాలు కొనే వీల్లేదు కాబట్టి లేజర్ కటింగ్, లేత్ పని, వెల్డింగ్ మూడూ ఒకదానికొకటి దగ్గర్లో కావాలి. అవన్నీ ఒకచోట దొరికేది బాలానగర్‌లో, అందుకే నా మాట వింటే బస కూడా ఆ చుట్టుపక్కలే చూసుకోండి.

మేం మొదట జూబ్లీ బస్‌స్టేషన్ దగ్గర ఒక లాడ్జిలో దిగాం, కరీంనగర్ బస్సు అక్కడే ఆగుతుంది కదా అని. గది చూడటానికి బాగానే ఉంది గానీ ఉదయం 7 దాటితే వేడినీళ్లు రావు, పైపులూ టూల్ బాక్సూ చూసి రిసెప్షన్‌లో ఆయన ఇది గోడౌన్ అనుకున్నారా అన్నాడు, సామానంతా రాత్రంతా మెట్ల కింద పెట్టి కాపలా కాసినంత పనైంది. మర్నాడే కూకట్‌పల్లిలోని కేపీహెచ్‌బీ కాలనీకి మారిపోయాం. అక్కడ హాస్టళ్లకు కొదవే లేదు, రోజు లెక్కన మంచం ఇచ్చేవీ దొరుకుతాయి, రెండు పూటలా భోజనం అందులోనే. అబ్బాయిలకు ఒకటి, అమ్మాయిలకూ వాళ్లమ్మగారికీ పక్క వీధిలో ఇంకొకటి తీసుకున్నాం. అమ్మాయిల హాస్టల్ గేటు రాత్రి 9:30కి వేసేస్తారు, షెడ్డులో పని సాగుతుంటే అదొక టెన్షన్, ముందే వార్డెన్‌తో మాట్లాడి పెట్టుకోవాలి. పప్పు నీళ్లలా ఉండేది, పెరుగు బాగుండేది. మాదాపూర్ వైపు సర్వీస్ అపార్ట్‌మెంట్లు కూడా కనుక్కున్నాం, సుఖంగానే ఉంటాయి, కానీ మనిషికి పడే ఖర్చు రెట్టింపుకు పైనే, పైగా రోజూ బాలానగర్ వచ్చిపోవడానికే సగం ఓపిక అయిపోతుంది.

మెట్రో గురించి ఒక హెచ్చరిక. కేపీహెచ్‌బీ నుంచి రెండో స్టేషనే బాలానగర్, ఎంత దగ్గరో అనిపిస్తుంది. కానీ ఆ స్టేషన్ ఉన్నది కూకట్‌పల్లి వై జంక్షన్ దగ్గర, షెడ్లు అక్కడ లేవు, దిగి ఆటో ఎక్కాల్సిందే. పొడవాటి పైపులతో మెట్రో ఎటూ కుదరదు, సామానున్న రోజు ట్రాలీ ఆటో మాట్లాడుకోవడమే మేలు.

ఇక బాలానగర్. సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ 1968 నుంచి అక్కడే ఉంది, చుట్టూ సందుల్లో చిన్న చిన్న షెడ్లు, ఒక్కో షెడ్డుదీ ఒక్కో పని, ఒకాయన లేత్ మాత్రమే, పక్కాయన మిల్లింగ్, ఎదురుగా వైర్ కటింగ్, అంటే కరెంటు పారే తీగతో లోహాన్ని కోయడం. ఒకరి దగ్గర కానిది ఎవరి దగ్గర అవుతుందో వాళ్లే చెప్పి పంపుతారు, ఈ సౌకర్యం నాకు ఇంకెక్కడా కనిపించలేదు. మా పిల్లలు కంప్యూటర్‌లో గీసిన మడత కీలులో పిన్నుకీ రంధ్రానికీ మధ్య సందే లేదు. లేత్ మీద పనిచేసే టర్నర్ డ్రాయింగ్ చూసి, "తమ్మీ, ఇది ఈడ మంచిగనే తిరుగుతది, దుమ్ము వడ్డంక పట్టేస్తది" అన్నాడు. పిన్ను కొంచెం వదులు చేసి, రంధ్రంలో గన్‌మెటల్ బుష్ (లోపల తొడిగే లోహపు గొట్టం) వేయించి, గ్రీజు ఎక్కించడానికి నిపుల్ పెట్టించాడు. బండికి పనికొచ్చిన సలహాల్లో అన్నిటికన్నా పెద్దది అదే, దానికి విడిగా పైసా తీసుకోలేదు, మధ్యాహ్నం చాయ్ మాత్రం మా అమ్మాయిలతో కలిసి తాగాడు.

అల్యూమినియం వెల్డింగ్‌కి ఆర్గాన్ వెల్డింగ్ అని అడగాలి, దాని అసలు పేరు టిగ్ అంటే కొందరు మొహం చూస్తారు. 6061 గ్రేడు అల్యూమినియం అయితే వెల్డింగ్ వేడికి అతుకు పక్కన లోహం మెత్తబడుతుంది, అందుకని బరువు పడే చోట అతుకు పెట్టకుండా ప్లేటు వేసి బోల్టులు బిగించమని వెల్డరే చెప్పాడు. లేజర్ కటింగ్ దగ్గర మాత్రం ఒళ్లు మండింది. చక్రాల ప్లేట్లు శనివారం ఇస్తానన్న షాపాయన మంగళవారం ఇచ్చాడు, ఇచ్చినవాటిలో రెండిటికి రంధ్రాలు పెద్దవయ్యాయి, అడిగితే మీ ఫైలే అలా ఉందన్నాడు, ఫైలు తెరిచి చూపిస్తే మాట మార్చాడు. పూర్తి డబ్బు ముందే ఇవ్వకండి, అంతే.

తెలంగాణ ప్రభుత్వం నమూనాల తయారీ కోసం పెట్టిన టీ-వర్క్స్ కూడా చూసి తీరాలి. రాయదుర్గం మెట్రో స్టేషన్‌కు దగ్గర, 2023 మార్చిలో మొదలైంది, 78,000 చదరపు అడుగులట, త్రీడీ ప్రింటింగ్ నుంచి లోహం పని, ఎలక్ట్రానిక్స్ దాకా ఒకే కప్పు కింద. డిజైన్ ఇంకా కాగితం మీద ఉన్న టీమ్‌కి, మొదటి నమూనా చేసుకోవాలనుకునే వాళ్లకి అది సరైన చోటు. వెళ్లేముందు మాట్లాడుకుని, డ్రాయింగులు పంపి వెళ్లండి. మాలాగా సగం కట్టిన బండి పట్టుకుని, సాయంత్రం 6 గంటలకు ఈ బుష్ అర మిల్లీమీటరు తీసెయ్యన్నా అని అడగాల్సిన స్థితిలో ఉంటే మాత్రం బాలానగర్ షెడ్డే దిక్కు.

బేరింగులు, చైన్లు, స్ప్రాకెట్లు, రబ్బరు షీటు అన్నీ సికింద్రాబాద్ రాణిగంజ్‌లో. ఆదివారం వెళ్తే షట్టర్లు చూసి రావడమే. చక్రం అంచుకి తొడగడానికి కన్వేయర్ బెల్ట్ ముక్కలు కిలో లెక్కన తీసుకున్నాం, కంకర మీద పట్టు బాగానే ఉంది. బేరింగుకి బిల్లు అడగండి, బిల్లు లేకుండా తక్కువకు ఇస్తానన్నవాడి దగ్గర తీసుకోకండి, కంపెనీ పేరుతో నకిలీలు తిరుగుతుంటాయి.

నడిపి చూడటానికి బాలానగర్‌లో జానెడు ఖాళీ జాగా లేదు. తెలిసినవాళ్ల ద్వారా బాచుపల్లి వైపు ఒక స్కూలు గ్రౌండు ఆదివారానికి దొరికింది, ట్రాక్టర్ కంకర పోయించి గుట్టలు చేశాం. ముందు సీటులో అబ్బాయి, వెనక అమ్మాయి, మొదటి గుట్ట మీదే చైన్ జారింది, చైన్‌ని బిగువుగా ఉంచే టెన్షనర్ మార్చాక నిలబడింది. కంకర తిరిగి ఎత్తించడానికి అయిన ఖర్చు పోయించినదానికన్నా ఎక్కువ, ఇది ముందే బేరంలో కలుపుకోండి.

చక్రాల ప్లేట్ల కోసం ఖాళీగా కూర్చున్న సోమవారం పిల్లల్ని బహదూర్‌పురాలో సుధా కార్స్ మ్యూజియంకి తీసుకెళ్లాం, జూ పార్కుకు దగ్గరే. బ్యాట్ ఆకారంలో, సోఫా ఆకారంలో, ఏది అడిగితే ఆ ఆకారంలో చేతితో కట్టిన బండ్లు. దాన్ని పెట్టిన సుధాకర్‌గారు 2005లో ప్రపంచంలోనే పెద్ద మూడు చక్రాల సైకిల్ కట్టి గిన్నిస్‌లోకి ఎక్కారు, ఎత్తు 41 అడుగుల పైచిలుకు. మా పిల్లలు ఫొటోలు దిగడం మానేసి బండ్ల కింద వంగి స్టీరింగ్ లింకులు ఎలా కలిపారో చూస్తూ కూర్చున్నారు. టికెట్ డబ్బులు గిట్టాయి.

తేదీల విషయంలో ఒకటే మాట, సంక్రాంతి వారం పెట్టుకోకండి. సగం షెడ్లకు తాళాలు, ఉన్నవాళ్లు పాత ఆర్డర్లే ముగించుకుంటుంటారు. మా పని ఆ లోపే తేలింది.

చివరగా ప్యాకింగ్. 5 అడుగుల పెట్టె నాసా లెక్క, విమానం లెక్క వేరు. ఎకానమీలో మామూలుగా ఒక్కో పెట్టె 23 కిలోలు, పొడవు వెడల్పు ఎత్తు కలిపితే 158 సెంటీమీటర్లు మించకూడదు. అందుకే ఫ్రేమును మడవడమే కాకుండా బోల్టులు విప్పితే ముక్కలయ్యేలా చేయించాం, ప్రతి ముక్కనూ పక్కనే ఉన్న పాత ఇనుము కొట్టు కాటా మీద తూయించాం. కరీంనగర్‌కు ఆర్టీసీ కార్గోలో వేద్దామనుకున్నాం గానీ ఫ్రేమ్ వంగితే అడిగే దిక్కుండదని టాటా ఏస్ మాట్లాడాం. డబ్బు ఎక్కువే అయింది, కాకపోతే డ్రైవర్ మా సామాను మీద ఇంకో లోడు ఎక్కించకుండా నేరుగా తెచ్చి ఇంటి ముందు దింపాడు.