గ్రెప్ సరిపోతుందా, ఆక్ కావాలా?

తిరుపతిలో లాడ్జి బుకింగ్ సర్వర్లు చూసే కుర్రాళ్లు "అన్నా, అవుట్‌పుట్‌లోంచి ముక్క తీయడానికి ఏది వాడాలి?" అని అడుగుతూనే ఉంటారు. గ్రెప్ (grep), ఆక్ (awk) రెండూ లినక్స్‌లో టెక్స్ట్‌లోంచి కావాల్సింది వెతికి తీసే కమాండ్లు.

ఖర్చు: రెండూ ఉచితం.

శ్రమ: గ్రెప్‌కు మాట ఇస్తే చాలు, అది ఉన్న లైనంతా ఇస్తుంది. ఆక్ కొంచెం నేర్చుకోవాలి. కోట్లు, డాలర్ గుర్తులు మొదట్లో చిరాకే.

పనితనం: డిస్క్ వాడకం చూపే డీఎఫ్ (df) కమాండ్ అవుట్‌పుట్‌లో డిస్క్ ఎంత శాతం నిండిందో ఐదో కాలమ్‌లో ఉంటుంది. గ్రెప్ ఆ లైను దాకా తెచ్చి వదిలేస్తుంది. దానికి లైనును ముక్కలు చేసే కట్ (cut) కమాండ్ తగిలించి ఖాళీల దగ్గర విడగొట్టమంటే, వరుస ఖాళీలను విడివిడిగా లెక్కపెట్టి ఇంకేదో చేతిలో పెడుతుంది. ఆక్‌లో డాలర్ ఐదు ($5) అంటే ఐదో కాలమే. దానికి సున్నా కలిపితే శాతం గుర్తు పోయి అంకె మిగులుతుంది, 90 దాటిందో లేదో అక్కడే చూసుకోవచ్చు.

రిస్క్: మాట దొరక్కపోతే గ్రెప్ 1 తిరిగిస్తుంది, అంటే పని కాలేదని సంకేతం. కమాండ్ విఫలమైతే ఆగిపోయేలా సెట్ మైనస్ ఈ (set -e) పెట్టిన స్క్రిప్టు దాంతో ఆగిపోవచ్చు. బ్రహ్మోత్సవాల రద్దీలో అలా ఆగితే టెన్షన్ చెప్పక్కర్లేదు! ఆక్ మాత్రం ఏమీ దొరక్కపోయినా 0, అంటే అంతా బాగుందనే అంటుంది, అదీ నమ్మదగ్గది కాదు.

మాట ఉందా లేదా అన్నదే ప్రశ్నయితే గ్రెప్ మైనస్ క్యూ (grep -q), అది లైను చూపించకుండా ఉందో లేదో మాత్రమే చెబుతుంది. లైనులో ఒక ముక్కే కావాలంటే ఆక్. రెండింటినీ పైపుతో (|, ఒకదాని అవుట్‌పుట్‌ను మరోదానికి ఇచ్చే గుర్తు) కలపడం చాలాసార్లు దండగ. వెతికే మాటను ఆక్‌లోనే స్లాష్‌ల మధ్య పెట్టేయండి.