మొలలు జారితే స్టేప్లరా, కోతా? ఏది మేలు?

మా బాబాయి గుంటూరు మిర్చి యార్డులో గుమస్తా. సీజన్‌లో పొద్దస్తమానం నిలబడే పని. మొదట్లో విరేచనానికి కూర్చున్నప్పుడు మొలలు బయటికొచ్చి వాటంతట అవే లోపలికి పోయేవి. పోయిన ఏడాది నుంచి వేలితో నెట్టుకోవాల్సి వస్తోంది. డాక్టర్లు దీన్ని మూడో దశ అంటారు. నెట్టినా పోకపోతే నాలుగోది. (రెండో దశలోనే చూపించుకుని ఉంటే చాలామందికి మొల మొదట్లో రబ్బరు బ్యాండు బిగిస్తేనే సరిపోతుంది. సిగ్గుపడి ఆలస్యం చేశాడు.)

కొత్తపేటలో ఇద్దరు సర్జన్లకు చూపించాం. ఒకరు స్టేప్లర్ అన్నారు, ఇంకొకరు కోసి తీసేద్దామన్నారు. ఇంట్లో అందరికీ టెన్షన్.

స్టేప్లర్ పద్ధతిని 1990లలో ఇటలీ సర్జన్ ఆంటోనియో లాంగో తెచ్చారు. ఇందులో మొలను కోయరు. దానికి పైన, నొప్పి పెద్దగా తెలియని చోట, పేగు లోపొరను గాజులా గుండ్రంగా కత్తిరించి సన్నటి పిన్నులతో బిగిస్తారు. వదులైన లుంగీని పైకి లాగి కట్టుకున్నట్టు జారిన మొల పైకి పోతుంది, దానికి రక్త సరఫరా కూడా తగ్గుతుంది. బయట పుండు ఉండదు కాబట్టి త్వరగా పనిలోకి వెళ్లొచ్చు. అరుదుగా లోపల చీము పట్టడం లాంటి పెద్ద సమస్యలు వస్తాయి. కొందరికి విరేచనం ఆపుకోలేనంత తొందర కొన్నాళ్లు ఉంటుంది.

కోతలో మొలనే తీసేస్తారు. ఆ చోట చర్మానికి స్పర్శ ఎక్కువ. మొదటి వారం విరేచనమంటేనే వణుకు పుడుతుంది, పుండు మానడానికి వారాలు పడుతుంది.

అయినా నా మొగ్గు కోతకే. బ్రిటన్‌లో 777 మందిపై చేసిన పరిశోధన 2016లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. మొదట్లో స్టేప్లర్ వాళ్లకే నొప్పి తక్కువ. రెండేళ్లు గడిచేసరికి కోత చేయించుకున్నవాళ్లే మెరుగ్గా ఉన్నారు, మొలలు తిరగబెట్టడం తక్కువ, ఖర్చూ తక్కువే. బయట వేలాడే తోలు లేకుండా, లోపలి మొలలే చుట్టూ జారి, వెంటనే పనికి పోక తప్పనివాళ్లకైతే స్టేప్లర్ గురించి ఆలోచించొచ్చు.

బాబాయికి బయట కూడా తోలు వేలాడుతోంది. స్టేప్లర్ దాన్ని తీయదు. యార్డుకు వేసవి సెలవులు ఇవ్వగానే కోత ఆపరేషన్ చేయించుకుంటున్నాడు. గోరువెచ్చటి నీళ్లలో కూర్చోడానికి పిన్ని అప్పుడే వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బు కొని పెట్టింది.