బి.ఇ.2సి మేలా, ఆర్.ఇ.8 మేలా?

మొదటి ప్రపంచయుద్ధపు నిఘా విమానాల మాట రాగానే పాఠకులు మళ్లీ మళ్లీ అడిగేది ఒకటే: బ్రిటిష్‌వాళ్ల బి.ఇ.2సి మంచిదా, దాని స్థానంలోకి వచ్చిన ఆర్.ఇ.8 మంచిదా? చాలామంది వేగం, హార్స్‌పవర్ పక్కపక్కన పెట్టి తేల్చేస్తారు. ఆ లెక్కలూ చూద్దాం. నా మటుకు మాత్రం అసలు తేడా సీట్లలో ఉంది: ముందు ఎవరు కూర్చున్నారు, వెనక ఎవరు కూర్చున్నారు.

బి.ఇ.2సిది 90 హార్స్‌పవర్ ఆర్.ఎ.ఎఫ్.1ఎ ఇంజిన్. ఎనిమిది సిలిండర్లు, చల్లబడేది గాలితోనే. 6,500 అడుగుల ఎత్తులో గంటకు 116 కిలోమీటర్లు పోతుంది. 10,000 అడుగులు ఎక్కడానికి ముప్పావు గంట పడుతుంది, అక్కడితో దాని శక్తి సరి. ఆర్.ఇ.8 కూడా ఇంగ్లండులోని ఫార్న్‌బరో సర్కారీ విమాన కర్మాగారం గీసిందే. దానికి 12 సిలిండర్ల ఆర్.ఎ.ఎఫ్.4ఎ ఇంజిన్, సుమారు 150 హార్స్‌పవర్. వేగం దాదాపు 166 కిలోమీటర్లు, ఎత్తు 13,500 అడుగులు. ఒకసారి లేస్తే నాలుగుంపావు గంటలు గాల్లో ఉంటుంది. బి.ఇ.2సి మూడుంపావు గంటలే.

ఫ్రాన్సులో ఎక్కువ రోజులు గాలి పడమటి నుంచే వీస్తుంది. జర్మన్ల వైపు పోయేటప్పుడు తోసుకుపోతుంది, ఇంటికొచ్చేటప్పుడు ఎదురొస్తుంది. పైన 50 కిలోమీటర్ల ఎదురుగాలి ఉందనుకోండి, బి.ఇ.2సి నేల లెక్కన 66 కిలోమీటర్ల వేగంతో పాకుతుంది. కింద విమాన విధ్వంసక ఫిరంగులవాళ్లకు పండగే. ఆర్.ఇ.8కి అదే గాలిలో 116 మిగులుతుంది, అంటే గాలి లేని రోజున బి.ఇ. పోయే వేగం.

ఇక సీట్లు. బి.ఇ.2సిలో పైలట్ వెనక, అబ్జర్వర్ (నిఘా చూసేవాడు) ముందు. ఇది తెలివితక్కువగా చేసిన పని కాదు. ముందు సీటు విమానపు గరిమనాభి దగ్గర ఉంటుంది. అక్కడ మనిషి ఉన్నా లేకున్నా బరువు ముందుకో వెనక్కో ఒరగదు. బాంబులు మోయాల్సి వస్తే అబ్జర్వర్‌ను దింపేసి పైలట్ ఒక్కడే పోయేవాడు. 1912లో మొదటి బి.ఇ.2 ఎగిరిన నాటికి గాల్లో తుపాకుల పోరు ఎవరి లెక్కలోనూ లేదు.

1915 వేసవిలో జర్మన్ ఫోకర్ యుద్ధవిమానాలు ప్రొపెల్లర్ మధ్యనుంచి కాల్చడం మొదలుపెట్టాక ఆ సీటే కొంప ముంచింది. అబ్జర్వర్ నెత్తిన పై రెక్క, ముందు ప్రొపెల్లర్, వెనక పైలట్ తల, అటూ ఇటూ స్ట్రట్లు (రెక్కల మధ్య నిలువు కర్రలు), బిగింపు తీగలు. లూయిస్ మెషిన్ గన్ పెట్టుకోవడానికి మూడు నాలుగు చోట్ల స్టాండ్లు ఉండేవి. శత్రువు ఏ వైపు నుంచి వస్తే ఆ వైపుకు, మందపాటి తొడుగులున్న చేతులతో, గన్‌ను ఊడదీసి మార్చుకోవాలి. వెనక్కి కాల్చాలంటే సీటు మీద మోకాళ్లూని వెనక్కి తిరిగి, పైలట్ తలమీదుగా గురిపెట్టాలి.

ఈ విమానాల రోజువారీ పని తెలిస్తే ఇదెంత పెద్ద లోపమో అర్థమవుతుంది. ఫిరంగులకు గురి చెప్పేది గడియారం పద్ధతిలో. లక్ష్యం గడియారం మధ్యలో ఉందనుకోవాలి, 12 ఉత్తరం. చుట్టూ ఊహావలయాలు: వై అంటే 10 గజాలు, జెడ్ 25, ఎ 50, బి 100, సి 200. గుండు తూర్పున 100 గజాల దూరంలో పడితే మోర్స్‌లో ‘బి 3’ అని కొట్టాలి. వైర్‌లెస్‌కు ఏరియల్ కింద వేలాడే రాగి తీగ, కొసన సీసపు గుండు. దిగేముందు చుట్టుకోవడం మరిచారా, తెగి చెట్లపాలు. పైకి జవాబు వైర్‌లెస్‌లో రాదు, నేల మీద పరిచిన తెల్లగుడ్డ పట్టీలే జవాబు. ఈ మోర్స్ కొట్టేది చాలామటుకు పైలటే. అతని కళ్లు నేల మీద, గుండు పొగ మీద ఉంటాయి. ఆకాశాన్ని కనిపెట్టుకుని ఉండాల్సింది అబ్జర్వరు. అతన్ని తీసుకెళ్లి రెక్క కింద కూర్చోబెడితే కాపలా ఎవరు కాస్తారు?

ఆర్.ఇ.8 సరిచేసింది ఇదే. పైలట్ ముందుకొచ్చాడు. అబ్జర్వర్ వెనక, కాక్‌పిట్ చుట్టూ తిరిగే స్కార్ఫ్ రింగు మీద లూయిస్ గన్‌తో నిలబడ్డాడు. పైలట్‌కు ఎడమ పక్కన ప్రొపెల్లర్ మధ్యనుంచి కాల్చే వికర్స్ గన్ కూడా వచ్చింది.

అలాగని ఆర్.ఇ.8 నెత్తిన పెట్టుకోవాల్సిన విమానమేం కాదు. వేగం పడిపోతున్నా ముందుగా చెప్పదు. ఒక్కసారిగా ముక్కు కిందికి దూసుకుపోతుంది, నేల దగ్గరైతే సర్దుకునే వ్యవధి ఉండదు. మొదట్లో తోక మీది నిలువు ఫిన్ మరీ చిన్నది, స్పిన్‌లో (గిరగిరా తిరుగుతూ కిందికి) పడి చాలామంది పోయారు. తర్వాత ఫిన్ పెంచారు. ముక్కు నేలకు గుద్దుకుంటే ఇంజిన్ వెనక్కి నెట్టుకొచ్చి పెట్రోలు ట్యాంకులను చీల్చేది, వెంటనే మంటలు. పై రెక్క కింది దానికంటే చాలా పొడుగు, ఆ కొసలు నిటారు డైవ్‌కు తట్టుకోవని పైలట్లు భయపడేవారు. 1917 ఏప్రిల్ 13న 59వ స్క్వాడ్రన్ ఆర్.ఇ.8లు ఆరింటినీ జర్మన్ పైలట్ రిష్టోఫెన్ దళం కూల్చేసింది. సీటు మారినా ఆ దళపు అల్బట్రాస్ యుద్ధవిమానాల కంటే వేగం రాలేదు మరి.

బి.ఇ.2సి స్థిరత్వం సంగతి అందరూ చెబుతారు. ఫార్న్‌బరో ఇంజనీరు ఇ.టి. బస్క్ లెక్కలు కట్టి, చేతులు వదిలినా తనంతట తాను సర్దుకునేలా చేశాడు. 1914 నవంబరులో అదే రకం విమానం గాల్లో అంటుకుని చనిపోయాడు. ఫొటోలకు ఆ గుణం వరం: పైలట్ పక్కన బయట బిగించిన సి-టైప్ కెమెరాలో 18 గాజు పలకలు, విమానం కుదురుగా ఉంటేనే ఒక ఫొటో అంచు మీద ఇంకోటి పడేలా తీయగలరు. తప్పించుకోవాల్సి వచ్చినప్పుడు అదే శాపం. కానీ ఆర్.ఇ.8 ఈ గుణంలో తక్కువ తినలేదు. 1917 డిసెంబరులో ఆస్ట్రేలియన్ దళపు ఆర్.ఇ.8 ఒకటి, ఇద్దరూ తూటా తగిలి చనిపోయాక కూడా, పెట్రోలు అయిపోయేదాకా తనే ఎగిరి మంచులో దిగింది.

బి.ఇ.2సి గెలిచేది చీకట్లో. అబ్జర్వర్ లేకుండా, పైకి కాల్చే లూయిస్ గన్‌తో రాత్రి కాపలాకు అంత కుదురైనది అప్పట్లో లేదు. 1916 సెప్టెంబరు 3న బ్రిటిష్ పైలట్ లీఫ్ రాబిన్సన్ జర్మన్ల ఎస్ఎల్ 11 ఎయిర్‌షిప్‌ను కూల్చింది దీంతోనే. శత్రు విమానాలే లేని వాయవ్య సరిహద్దు రిసాల్‌పూర్ (ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉంది) వైపు కూడా 31వ స్క్వాడ్రన్‌కు ఈ సీటు ఇబ్బంది రాలేదు. వేడిగాలిలో, కొండల నడుమ ఎత్తు ఎక్కలేని ఇంజినే అక్కడ ఇబ్బంది.

మిగతావి రెండు ముక్కల్లో. బి.ఇ.2ఇ: రెక్కలు మార్చారు, సీట్లు మార్చలేదు, వదిలేయండి. ఆర్మ్‌స్ట్రాంగ్ విట్‌వర్త్ ఎఫ్.కె.8: ఆర్.ఇ.8 కంటే కాస్త నెమ్మది, కానీ గట్టిది, అబ్జర్వర్‌కూ కంట్రోల్స్ ఉంటాయి. సరిపడా తయారై ఉంటే నేను దీన్నే ఎంచేవాణ్ణి, కానీ ఆర్.ఇ.8లు నాలుగు వేలకు పైగా వస్తే ఇవి అందులో సగం కూడా రాలేదు. బ్రిస్టల్ ఫైటర్: దీనికి సాటి లేదు, దాని ఫాల్కన్ ఇంజిన్లే చాలినన్ని దొరికేవి కావు.

నిజాం ఇచ్చిన విమానాలు వీటిలో ఏవని కూడా అడుగుతుంటారు. ఏవీ కావు. హైదరాబాద్ పేరు పెట్టుకున్న 110వ స్క్వాడ్రన్‌కు ఆయన డబ్బుతో వచ్చినవి డి.హెచ్.9ఎ పగటి బాంబర్లు. వాటిలో ఎఫ్1010 లండన్‌లోని రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియం సేకరణలో ఉంది. అందులోనూ పైలట్ ముందే, గన్ పట్టినవాడు వెనకే.