వార్తల మీద మాట్లాడే వీడియోలు: ఏడేళ్లు విన్నాక

మాది అంబాజీపేట దగ్గర కొబ్బరి వ్యాపారం. పెద్దదేం కాదండి. ఒక రేకుల షెడ్డు, ముందు రాశి పోసుకునే జాగా, ఒలుపుకి ఐదుగురు మనుషులు. కాయ ఒలిచేటప్పుడు చేతులకి పని గానీ చెవులకి ఉండదు. ఒకప్పుడు రేడియో మోగేది. 2018లో మా అబ్బాయి కొత్త ఫోను కొనుక్కుని పాతది నాకు పడేశాడు. షెడ్డు రాటకి మేకు కొట్టి, పీచు దుమ్ము పడకుండా ప్లాస్టిక్ కవర్లో పెట్టి దాన్ని వేలాడదీశాను. ఏడేళ్లు దాటింది. మధ్యలో ఫోను రెండుసార్లు మారింది, మేకు మాత్రం అదే.

ఈ ఏడేళ్లూ అందులో ఎక్కువగా మోగింది వ్యాఖ్యానాల వీడియోలే. సొంతంగా వార్త తెచ్చేవాళ్ల సంగతి చెప్పడం లేదు. ఎవరో తెచ్చిన వార్త మీద, ఎవరో తీసిన వీడియో మీద, ఎవరో తీసిన సినిమా మీద కెమెరా ముందు కూర్చుని పావుగంట మాట్లాడేవాళ్ల సంగతి. పొద్దున్నే పేపర్లు తిరగేసి చదివేవాళ్లు, రాజకీయ విశ్లేషకులు, వైరల్ వీడియోల మీద వెటకారమాడేవాళ్లు, మొదటి ఆట చూసి బయటికొచ్చి సినిమాని ఉతికేవాళ్లు, అందర్నీ విన్నాం. ఛానెళ్ల పేర్లు చెప్పను. చెబితే మా షెడ్డు మీద కూడా ఒక వీడియో వస్తుంది.

సరుకు కొనేటప్పుడు రాశి పైనున్న కాయ చూసి ధర కట్టం. చెయ్యి లోపలికి పెట్టి అడుగు కాయ తీస్తాం, చెవి దగ్గర ఆడించి నీళ్ల చప్పుడు వింటాం. వీడియోలకి నాకు దొరికిన అడుగు కాయ మా గోదావరే. ఢిల్లీ గురించో అమెరికా గురించో ఒకాయన చెప్పింది నిజమో కాదో నాకేం తెలుస్తుంది? అదే మనిషి మా ఏటి గురించి మాట్లాడిన రోజున తెలుస్తుంది. ఇక్కడ ఎంత తప్పాడో చూసుకుని, తక్కిన ఊళ్ల గురించి చెప్పినప్పుడు కూడా అంత తరుగు తీసి వింటాను.

ఈ తరుగు లెక్క మొదట అబ్బింది 2019లో. ఆ సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో రాయల్ వశిష్ఠ అనే పర్యాటకుల బోటు మునిగింది. మర్నాటి నుంచే బల్ల ముందు కూర్చున్న పెద్దమనుషులు పలక మీద గీతలు గీసి, సుడి ఎలా తిరుగుతుందో, బోటు ఎందుకు పైకి రాదో తేల్చేశారు. మా షెడ్డులో ఒలుపు చేసే ఒక పెద్దాయన కుర్రతనంలో పడవ మీద సరుకు తోలినవాడు. ఆ గీతలు చూసి, "ఈయన ఎప్పుడన్నా పడవెక్కాడంటారా?" అన్నాడు. తరవాత దాన్ని బయటికి తీయడానికి కాకినాడ నుంచి ధర్మాడి సత్యం బృందం దిగింది. అప్పుడు కొందరు గట్టు మీదే మకాం పెట్టి, రోజూ లంగరు వేసిందీ, ఇనుప తాడు తెగిందీ, మళ్లీ కట్టిందీ ఉన్నదున్నట్టు చూపించారు. పెద్దగా మాటల్లేవు. అక్టోబరు 22న బోటు బయటికొచ్చింది, మునిగిన 38వ రోజుకి ఒకరోజు అటూ ఇటూగా. ఆ రోజు మా షెడ్డులో కాయ ఒలవలేదు, అందరూ రాట చుట్టూ నిలబడ్డారు. పలక మీద గీతలు గీసినాయన ఆ సాయంత్రం కూడా వీడియో పెట్టాడు, తాను ముందే చెప్పానని.

వీడియోలు ఎందుకంత సాగుతాయో మాత్రం చాలాకాలం తెలియలేదు. రెండు ముక్కల్లో అయిపోయే వార్తకి ముందు చరిత్ర, ఆ తరవాత "అసలు విషయంలోకి వెళ్లే ముందు", ఆ తరవాత మళ్లీ మొదటికి. మా మేనల్లుడు సొంతంగా ఛానెల్ పెట్టుకున్నాక గుట్టు విప్పాడు. "మావయ్యా, వీడియో ఎనిమిది నిమిషాలన్నా లేకపోతే మధ్యలో యాడ్ పెట్టుకోడానికి ఉండదు" అన్నాడు. అంతకుముందు యూట్యూబ్‌లో ఆ గీత పది నిమిషాల దగ్గర ఉండేదట, 2020 జూలై నుంచి ఎనిమిదికి దించారు. ఆ రోజు నుంచి వీడియో పెట్టగానే నిడివి చూడటం అలవాటైంది. ఎనిమిది నిమిషాల అయిదు సెకన్లు, ఎనిమిది నిమిషాల పన్నెండు సెకన్లు! పాకం తక్కువై నీళ్లు కలిపినట్టే ఉంటాయి లెండి. ఇప్పుడు అలాంటివి ఒకటిన్నర వేగంలో పెట్టి, ఆరో నిమిషం నుంచి వింటాం. నష్టపోయిందేం లేదు. పాపం ఆ మేనల్లుడు వెయ్యిమంది చందాదారుల దాకా వచ్చాడు గానీ, ఏడాదిలో 4000 గంటలు జనం చూడాలన్న షరతు దగ్గర ఆగిపోయాడు. ఇప్పుడు రావులపాలెంలో ఫ్లెక్సీలు వేస్తున్నాడు.

ఇక మా జిల్లాకే ప్రత్యేకమైన అనుభవం ఒకటుంది. 2022 మే 24న అమలాపురంలో గొడవలయ్యాయి, ఇళ్లు తగలబడ్డాయి, కోనసీమంతా ఇంటర్నెట్ ఆపేశారు. దాదాపు రెండు వారాలు. రాటకి వేలాడే ఫోను ఉత్త గడియారమైపోయింది. పొరుగూళ్లో ఏం జరిగిందో హైదరాబాదు నుంచి మా తోడల్లుడు ఫోన్ చేసి చెబితే నేను వినేవాణ్ణి. "మీ ఊరు ఇలా అయిపోయిందేంటండీ బావగారూ" అని మా మరదలు ఏడుస్తుంటే, నేను షెడ్డు ముందు నిలబడి చూస్తే రోడ్డు మీద ఆవు పోతోంది. ఇంటి నుంచి సాఫ్ట్‌వేర్ పని చేసుకునే కుర్రాళ్లు ల్యాప్‌టాప్ సంచులు తగిలించుకుని ఏటిగట్లెక్కారు, అవతలి ఒడ్డు సిగ్నల్ ఏమన్నా తగులుతుందేమోనని. పేపరు పొద్దున్న ఏడింటికల్లా అయిపోయేది.

నెట్ వచ్చాక చూస్తే మా మీద వీడియోలు రాశులు పోసి ఉన్నాయి. మేము తప్ప రాష్ట్రమంతా చూసేసింది. నాలుగు రోజులు వరసపెట్టి విన్నాను. ఒకాయన అమలాపురం గడియారస్తంభం సెంటర్ అని చూపించింది అసలు అమలాపురమే కాదు. ఇంకొకాయన మమ్మల్ని ఇంకా తూర్పు గోదావరి జిల్లాలోనే ఉంచి గంటసేపు కులాల లెక్కలు చెప్పాడు, కొత్త జిల్లా ఏప్రిల్ 4నే ఏర్పడిందని ఆయనకి ఎవరూ చెప్పినట్టు లేదు. గంట వీడియో చేసే ఓపిక ఉన్నవాడికి అమలాపురంలో ఒక టీ కొట్టుకి ఫోన్ చేసే ఓపిక లేకపోయింది. అంతమందిలో ఒకరిద్దరు మాత్రం, అక్కడివాళ్లతో ఇంకా మాట్లాడలేకపోయాం, తెలిశాక చెబుతాం అని ఆపేశారు. వాళ్లనే ఉంచుకున్నాను. మిగతా వాటికి "ఈ ఛానెల్ చూపించవద్దు" అని నొక్కుతూ కూర్చుంటే ఒక పూట పట్టింది.

నెల తిరిగాక వరదొచ్చింది. 2022 జూలైలో భద్రాచలం దగ్గర 70 అడుగులు దాటింది, ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటి వదిలారు. 1986 వరద చూసినవాళ్లకి ఆ ఏడాది మళ్లీ గుర్తొచ్చింది, అప్పుడు 35 లక్షలు. ఇక్కడ పిల్లాడినడిగినా చెబుతాడు, ధవళేశ్వరంలో 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఈ మూడంకెలూ, గంట గంటకీ నీటిమట్టం, ఇంతే కావాలి లంకల్లో ఉన్నవాళ్లకి. పశువుల్ని ఎప్పుడు గట్టెక్కించాలో, కనకాయలంక కాజ్‌వే మీద రాకపోకలుంటాయో లేదో వాటితోనే తేలుతుంది. వీడియోల్లో మాత్రం ఎర్రటి అక్షరాలతో "ధవళేశ్వరం తట్టుకుంటుందా?" అని ఉండేది. లోపల ఏ దేశంలోనో తెగిన ఆనకట్ట బొమ్మ. ఒకాయనైతే కాటన్ దొర కట్టిన బ్యారేజీ 170 ఏళ్ల పాతదని, ఎప్పుడేమవుతుందోనని భయపెట్టాడు. కాటన్ కట్టించింది ఆనకట్ట, అది 1852లో పూర్తయింది. ఇప్పుడు నీళ్లాపుతున్న బ్యారేజీ వేరు, అది 1970ల్లో మొదలై 1982కి తయారైంది. మా ఒలుపువాళ్లలో ఒకాయన నాన్న ఆ బ్యారేజీ పనికి కూలికెళ్లాడు. ఆ వీడియో విని ఆయన నవ్వలేదు. ఊళ్లో ముసలాళ్లు దాన్ని నమ్మి రాత్రంతా మేలుకున్నారు మరి.

సరదా వీడియోలకి వచ్చేసరికి అంత కోపం ఉండదు. ఏటా ఎర్రనీరు రాగానే పులస వీడియోలు దిగుతాయి. ప్రతి ఒక్కడూ "పుస్తెలమ్మైనా పులస తినాలి" అనే మొదలుపెడతాడు, యానాం పాటలో ధర చెప్పి నోరు తెరుస్తాడు. సగం వాటిలో పళ్లెంలో ఉన్నది సముద్రపు విలస. ఏటికి ఎదురీదని చేపకి ఆ రుచెక్కడిది? ఇక గోదావరి యాస అని చేసే రీల్స్‌లో మాటకి మూడు "ఆయ్"లు పడతాయి. మేం ఆయ్ అనేది ఎదుటివాళ్లు చెప్పింది విన్నామనడానికి, ఒప్పుకున్నామనడానికి. ఎవరూ ఏమీ అనకుండానే ఆయ్ అనుకుంటూ తిరగం. అయినా చూసి నవ్వుకుంటాం.

సినిమా సమీక్షల్లో నాకు పనికొచ్చింది ఒక్కటే, కథ చెప్పకుండా ఏ అరగంట విసుగెత్తిందో చెప్పేవాళ్లు. తక్కినవి అభిమానుల తగాదాలు. 2021 నవంబరు దాకా వీడియో కింద ఎంతమందికి నచ్చలేదో అంకె కనబడేది, అది చూసే సగం ఏరేసేవాళ్లం. ఆ లెక్క పైకి కనబడకుండా తీసేశాక కింద వ్యాఖ్యలు చదవాల్సొస్తోంది.

మా ఆవిడ సంగతి చెప్పాలి. ఆవిడకి పాత నటులంటే ప్రాణం. దండేసిన ఫొటో పెట్టి "ఇక లేరు" అని రాసి, లోపల "ఇక లేరు ఆయనకి సాటి" అని తేల్చే వీడియోలు చూసి ఎన్నిసార్లు కంటతడి పెట్టిందో. 2023 మార్చిలో కోట శ్రీనివాసరావు గారు పోయారని పుకారు లేస్తే, తాను క్షేమంగానే ఉన్నానని ఆయనే వీడియోలో కనబడి చెప్పుకోవలసొచ్చింది. ఆ రోజు నుంచి ఆవిడ ఏ చావు వార్తా నమ్మడం మానేసింది. 2025 జూలై 13న ఆయన నిజంగానే పోయారు. నేను చెబితే, "ఊరుకోండి, ఇంతకుముందు కూడా ఇలాగే అన్నారు" అని వంటింట్లోకి వెళ్లిపోయింది. మధ్యాహ్నం టీవీ పెట్టి చూపిస్తే అప్పుడు కూర్చుంది. ఏడవాల్సిన ఏడుపంతా అబద్ధాలకే అయిపోయిందో ఏమో, కళ్లలో నీళ్లు రాలేదు. ఆయన సినిమా ఒకటి పెట్టమంది, చివరిదాకా చూసింది.

మార్కులేయమంటే ఐదుకి రెండున్నర. ఆ రెండున్నర కూడా గట్టు మీద నిలబడి చూపించినవాళ్ల వల్లే. ఒకప్పుడు అరవై ఛానెళ్లకి చందా ఉండేది, ఇప్పుడు ఆరు. పేపర్లు చదివే ఆయన ఒకరు, ఆయన తప్పు చెబితే మర్నాడు మొదటి ముక్కలోనే దిద్దుకుంటాడు, అందుకే. వెటకారం చేసే కుర్రాళ్లు ఇద్దరు, వాళ్లని ఒలుపువాళ్లు వదలనివ్వరు. సినిమాలకి ఒకమ్మాయి. ధరవరలు చెప్పే ఆయన ఒకరు.

ఆరోది ఒక లంక కుర్రాడిది. వాడసలు మాట్లాడడు. వరదల్లో రోజుకి మూడుసార్లు రేవు మెట్ల పక్కనున్న గీతల స్తంభం దగ్గరికెళ్లి నీళ్లు ఏ గీత మీదున్నాయో అరనిమిషం చూపిస్తాడు, వెనకాల కప్పల అరుపులు వినబడుతుంటాయి. యాడ్ రాదు, డబ్బులూ రావు. కిందటి వారం వాడు వీడియో పెట్టలేదు. ఏమైందోనని కనుక్కుంటే, వాళ్ల నాన్న కొబ్బరికాయల దింపుకి తోడు తీసుకెళ్లాడట.